మీరు కట్టిన సంచిని విప్పేది ఎవరి చేతులు?

పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ పక్షం వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ సందేశాల్లో సగానికి పైగా ఒకటే అడిగాయి. "ఇంట్లో కోవిడ్ పేషెంటు ఉన్నారు, ఆ గదిలో చెత్త ఏం చేయాలి?" అని. ఈ సెకండ్ వేవ్‌లో ఆస్పత్రుల్లో మంచాలు దొరక్క మన ఇళ్లే వార్డులైపోయాయి. ఆస్పత్రి వార్డుకైతే రంగురంగుల సంచులుంటాయి, తీసుకెళ్లడానికి వేరే బండి ఉంటుంది. మన గుమ్మంలోకి మాత్రం పొద్దున్నే వచ్చేది ఒకటే చెత్త బండి. అందుకే 2021 జూన్ నెల శీర్షిక మొత్తాన్నీ ఈ విషయానికే వదిలేశాను.

కొత్త పాఠకుల కోసం నా గురించి ఒక మాట. 1986లో, గోదావరికి పెద్ద వరదలొచ్చిన ఏడాది, శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా చేరాను. 2019లో రిటైరయ్యాను. తెల్లవారుజామున ఐదింటికి మస్టర్ (హాజరు) పుస్తకం పట్టుకుని నిలబడడంతోనే నా ఉద్యోగమంతా గడిచింది. నేను డాక్టర్ని కాను, కాబట్టి మందుల గురించి అడిగినవాళ్లు మీ డాక్టరు గారినే అడగండి. చెత్త సంగతి మాత్రం నాకు తెలుసు, దాన్ని ఎత్తేవాళ్లూ తెలుసు.

అమ్మా, మావారికి పాజిటివ్ వచ్చి ఆరు రోజులైంది. మేడ మీద గదిలో ఉంటున్నారు. ఆయన మాస్కులు, టిష్యూలు, తిన్న పేపరు ప్లేట్లు ఒక కవర్లో వేసి, దాన్ని మా చెత్త బకెట్ అడుగున పెట్టి, పైన కూరగాయల తొక్కలు పోసి బండికి ఇస్తున్నాను. విడిగా ఇస్తే బండి అబ్బాయికి తెలుస్తుంది, వీధంతా తెలుస్తుంది. కిందటేడు మా ఎదురింటివాళ్లకు వస్తే పాలవాడు కూడా వాళ్ల గేటు దాటి లోపలికి రాలేదు. చేస్తున్నది తప్పని తెలుసు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, తెనాలి

అమ్మా, దాచకుండా రాశావు, చాలా సంతోషం. నీ భయం నాకు అర్థమైంది. కిందటేడు చాలా ఊళ్లలో పాజిటివ్ వచ్చిన ఇళ్ల తలుపులకు స్టిక్కర్లు అంటించారు. అలా అంటించాల్సిన అవసరం లేదని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ స్టిక్కర్లు పోయినా వాటి భయం మన మనసుల్లోంచి ఇంకా పోలేదు.

కానీ నువ్వు ఆ బకెట్ ఇచ్చాక ఏం జరుగుతుందో ఒకసారి చూడు. తడి చెత్తలో పొడి చెత్త కలిస్తే ఆ అబ్బాయి దాన్ని బండి మీదే చేత్తో వేరు చేస్తాడు. తొక్కల కింద కవరు కనపడగానే విప్పి చూస్తాడు, ఎందుకంటే అది అతని పని. అంటే నువ్వు అందరికంటే లోతుగా దాచిన సంచినే అతను మొట్టమొదట విప్పుతాడు. ఆ చేతికి గ్లౌజు ఉందో లేదో మనకు తెలియదు.

రేపటి నుంచి ఇలా చెయ్యి. మేడ మీద గదిలోనే రెండు బుట్టలు పెట్టు. కాలితో తొక్కితే మూత తెరుచుకునేవి ఉంటే మరీ మంచిది. ఒకదాంట్లో మీవారి నోటి నుంచి, ముక్కు నుంచి, ఒంటి నుంచి వచ్చినవి తగిలినవి వెయ్యాలి. వాడిన మాస్కు, గ్లౌజులు, టిష్యూ, దూది, కక్కింది తుడిచిన గుడ్డ, డైపర్ ఇవన్నీ అందులోకే. రెండోదాంట్లో మందుల అట్టలు, మంచినీళ్ల సీసాలు, పళ్ల తొక్కలు, మిగిలిన అన్నం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఈ వ్యర్థాల మీద 2020 మార్చిలో మార్గదర్శకాలిచ్చి, జులై నాటికి నాలుగుసార్లు సవరించింది. ఆ చివరి సవరణ ప్రకారం రెండో బుట్టలోది మామూలు చెత్తే, మూతి గట్టిగా కట్టి విడిగా ఇస్తే చాలు. మొదటి బుట్టలోది మాత్రం ఆస్పత్రి చెత్తతో సమానం, పసుపు సంచిలోకి పోవాలి.

పేపరు ప్లేట్లు మానెయ్. స్టీలు కంచం, స్టీలు గ్లాసు ఆయనకు వేరుగా పెట్టి, గ్లౌజులు వేసుకుని సబ్బుతో కడుగు. మా తమ్ముడు ఏప్రిల్‌లో పది రోజులు గదిలో ఉన్నప్పుడు మా మరదలు ఈ ఒక్క మార్పు చేసింది, రోజుకో సంచి అయ్యేది మూడు రోజులకో సంచికి దిగింది.

సంచి ముప్పావు వంతు నిండగానే కట్టెయ్యాలి. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. సంచి చిన్నదవుతుందని పైన నొక్కి గాలి తీస్తారు. ఆ గాలి సూటిగా మొహం మీదికే వస్తుంది. నొక్కొద్దు. మూతి మెలిపెట్టి ముడి వేసి, దాన్ని ఇంకో సంచిలో పెట్టి మళ్లీ ముడి వెయ్యి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కో.

ఇక పసుపు సంచి ఎవరు తీసుకెళ్తారంటావా. మీ వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీ ఉంటారు. ఫోన్ చేసి, "మా ఇంట్లో హోం ఐసోలేషన్ ఉంది, పేషెంటు సంచి విడిగా తీసుకెళ్లే ఏర్పాటు కావాలి" అని అడుగు. అది నీ హక్కు, బతిమాలి అడగాల్సిన సాయం కాదు. పసుపు సంచులు మెడికల్ షాపుల్లోనూ దొరుకుతాయి. దొరక్కపోతే మందపాటి కవర్లు రెండు వాడి, మూతికి పసుపు గుడ్డ పీలిక కట్టు. విడి బండి ఆలస్యమైతే సంచిని మేడ మీద మూత ఉన్న డ్రమ్ములో మూడు రోజులు ఉంచు. కుక్కలు, కోతులు లాగకుండా మూత మీద బరువు పెట్టు. ఆ తర్వాత బండికి ఇవ్వాల్సివస్తే చేతికి అందిస్తూ ఒక్క మాట చెప్పు: "బాబూ, ఇది పేషెంటు గది సంచి. విప్పొద్దు, పక్కన పెట్టు."

వీధంతా తెలుస్తుందని భయపడకమ్మా. ఏ ఇంట్లో ఏ మందు సీసా పడిందో, ఏ ఇంట్లో బాలింత ఉందో చెత్త ఎత్తేవాళ్లకు తెలియనిది లేదు. నేను వాళ్లతో పనిచేసినంత కాలం, ఒక ఇంటి గుట్టు ఇంకో ఇంట్లో చెప్పినవాళ్లను చూడలేదు.

మేడమ్, మా అత్తగారికి కోవిడ్ తగ్గాక ఆవిడ గదిలో చెత్తబుట్ట బాత్రూంలో కడిగాను. బ్లీచింగ్ నీళ్లు పోశాను. మరక పోలేదని టాయిలెట్ యాసిడ్ కూడా పోశాను. ఒక్కసారిగా గొంతు పట్టేసింది, కళ్లు మండాయి, ఇప్పటికీ దగ్గు వస్తోంది. కోవిడ్ అంటుకుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– గృహిణి, కూకట్‌పల్లి

ముందు డాక్టరు గారికి చూపించుకోండి. బ్లీచింగ్‌లో యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన బాత్రూంలో అది ఊపిరితిత్తులను కాలుస్తుంది. దగ్గు ఇంకా ఉందంటే, ఆయాసం కూడా ఉందంటే, ఆలస్యం చేయకండి. మీ దగ్గు కోవిడ్ వల్లనో ఈ గాలి వల్లనో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. బ్లీచింగ్ నీళ్లలో యాసిడ్ గానీ, అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ గానీ, మరే క్లీనింగ్ ద్రావణం గానీ, ఏదీ ఎప్పుడూ కలపకూడదు. ఇంట్లో పనిచేసే అమ్మాయికి కూడా ఈ మాట ఈ రోజే చెప్పండి.

బుట్ట కడగడానికి ఒక్క బ్లీచింగ్ నీళ్లే చాలు. ముందు సబ్బు నీళ్లతో కడిగి మురికి పోగొట్టి, నీళ్లు పూర్తిగా పారబోయండి. మురికి మీద బ్లీచింగ్ సరిగా పనిచేయదు. తర్వాత ప్లాస్టిక్ బకెట్‌లో లీటరు నీళ్లకు 30 గ్రాముల బ్లీచింగ్ పౌడర్, అంటే రెండు టేబుల్ స్పూన్లు నిండుగా, కలిపి కాసేపు తేరనివ్వండి. పై తేట నీళ్లు సుమారు ఒక శాతం ద్రావణం అవుతాయి. దాన్ని బుట్టకు పట్టించి అరగంట ఉంచి, మంచినీళ్లతో కడిగి ఎండలో బోర్లించండి. ఇదంతా తలుపులు తెరిచి, గ్లౌజులు వేసుకుని చేయాలి. ఏ రోజుకారోజు కలుపుకోవాలి, నిన్నటి నీళ్లకు బలం తగ్గిపోతుంది. పౌడర్ కూడా పాతదై, గాలి తగిలి ముద్దకట్టి ఉంటే అందులో క్లోరిన్ సగం పోయినట్టే. మేము వరదల తర్వాత బస్తాలు విప్పగానే ముందు వాసన చూసేవాళ్లం, ముక్కు అదిరితేనే బావుల దగ్గరికి పంపేవాళ్లం.

నమస్తే అండీ. మాది శ్రీకాకుళం జిల్లాలో చిన్న ఊరు. ఇంట్లో నలుగురికి వచ్చింది. మాస్కులు, దూది పెరట్లో పోగేసి రోజూ సాయంత్రం కాల్చేస్తున్నాం. "నిప్పులో పడితే ఏ రోగమైనా పోతుంది" అంటుంది మా నాయనమ్మ. కరెక్టేనా?
– డిగ్రీ విద్యార్థి

మీ నాయనమ్మగారి కాలంలో ఆ మాటకు అర్థం ఉంది బాబూ. అప్పుడు కాల్చింది నూలు గుడ్డ, కొబ్బరి పీచు, ఆకు. ఇప్పుడు నువ్వు కాలుస్తున్న మాస్కు చూడటానికి గుడ్డలా ఉంటుంది గానీ అది ప్లాస్టిక్, పాలీప్రొపిలీన్. పెరట్లో మంటకు అది సరిగా కాలదు, కరిగి ముద్దయి నల్లటి పొగ ఇస్తుంది. ఆ పొగ పీల్చేది ఎవరు? అదే ఇంట్లో, వైరస్‌తో ఊపిరితిత్తులు దెబ్బతిని పడుకున్న మీ నలుగురు.

ఆస్పత్రి వ్యర్థాలను కాల్చే ప్లాంటులో రెండు గదులుంటాయి. మొదటి గదిలో కనీసం 800 డిగ్రీల వేడి ఉండాలి. అక్కడ పుట్టిన పొగను రెండో గదిలో 1050 డిగ్రీల దగ్గర మళ్లీ కాలుస్తారు. అంత చేసినా పొగగొట్టం దగ్గర కొలతలు తీయాలని 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు చెబుతాయి. ఇంకోటి, ఖాళీ అయిందనుకుని శానిటైజర్ సీసాను ఆ పోగులో వేయకండి. అడుగున మిగిలిన ఆల్కహాల్ చాలు, భగ్గుమంటుంది. పక్కనే గడ్డివాము ఉంటే ఇంక చెప్పాలా.

మరి ఏం చేయాలి? మీ పంచాయతీలో గ్రీన్ అంబాసిడర్లు, అంటే ఊరి పారిశుద్ధ్య కార్మికులు, చెత్త తీసుకుంటుంటే, పై జవాబులో తెనాలి అమ్మాయికి చెప్పినట్టే రెండు సంచుల్లో కట్టి, చెప్పి ఇవ్వండి. వాళ్లు మీ వీధికి రాకపోతే ఆశా కార్యకర్తనో ఏఎన్ఎంనో అడగండి, ఎలాగూ మీ ఇంటికి మందుల కిట్ ఇవ్వడానికి వస్తారు కదా. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ తన వ్యర్థాలను బయటికి పంపే ఏర్పాటైనా ఉండాలి, మారుమూలదైతే రూలు ప్రకారం తవ్విన గొయ్యి అయినా ఉండాలి. ఆ గొయ్యి రెండు మీటర్ల లోతు, సగం వరకే చెత్త, పైన సున్నం, ఆపైన మట్టి. బావికీ బోరుకీ దూరంగా ఉండాలి. ఇది ఇంటివాళ్లు పెరట్లో చేసుకునే పని కాదు, మీ సంచులు అక్కడికి చేర్చమని అడగండి. వాళ్లు వచ్చేదాకా మూత ఉన్న డ్రమ్ములో పెట్టి ఉంచండి.

మిగిలిన అన్నం పశువులకు, కుక్కలకు పెట్టకండి. పేషెంటు కంచంలో మిగిలింది కవర్లో కట్టి మామూలు చెత్తలో వేయండి. మీ నాయనమ్మగారికి ఇది నచ్చదని తెలుసు, అన్నం పారేయడం మా ఇంట్లోనూ కష్టంగానే ఉండేది. కొంచెం కొంచెంగా వడ్డించడమే దారి.

మీ శీర్షిక చదువుతుంటాను. ఒక సందేహం. వస్తువులను ముట్టుకుంటే కోవిడ్ వచ్చే అవకాశం చాలా తక్కువని ఇప్పుడు సైన్సే చెబుతోంది. గాలి ద్వారానే వస్తుందంటున్నారు. అలాంటప్పుడు ఈ రెండు సంచులు, మూడు రోజులు ఇదంతా అనవసరమైన భయం కాదా?
– సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, బెంగళూరు

మీరు చెప్పింది నిజం, నేనూ దాన్ని ఒప్పుకుంటాను. వైరస్ ప్లాస్టిక్ మీద, స్టీలు మీద 72 గంటల దాకా ఉండగలదని 2020 మార్చిలో ఒక ప్రయోగశాల పరీక్ష చెప్పింది. ఆ వార్త చూసి మనమంతా పాల ప్యాకెట్లు సబ్బుతో కడిగాం. తర్వాత తెలిసింది, ప్రయోగశాలలో వేసినంత వైరస్ మామూలు తలుపు గడియ మీద ఉండదని. ఈ ఏప్రిల్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ అలాంటి ఉపరితలాన్ని ముట్టుకుంటే అంటే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటి కంటే తక్కువని రాసింది. కాబట్టి పాల ప్యాకెట్లు కడగడం, కూరగాయలు బ్లీచింగ్‌లో ముంచడం మానేయండి. కూరగాయలకు మంచినీళ్లు చాలు, బ్లీచింగ్ కడుపులోకి పోతే అదే హాని. ఆ శ్రమంతా కిటికీలు తెరవడానికి, మాస్కు సరిగా పెట్టుకోవడానికి పెట్టండి.

అయితే ఆ లెక్క మీకు వర్తించినట్టు చెత్త ఎత్తే మనిషికి వర్తించదు. మీరు ముట్టుకున్నది ఎప్పుడో ఎవరో ముట్టుకున్న గడియ. అతను పట్టుకున్నది అరగంట కింద ఒకరు కఫం తుడిచి పడేసిన టిష్యూ. అది తడిగా ఉంటుంది. అతను రోజుకు ఒక సంచి కాదు, కొన్ని వందల ఇళ్ల సంచులు ముడతాడు, సాయంత్రం దాకా మొహం కడుక్కోవడానికి కుళాయి దొరకని రూట్లు ఉన్నాయి. చెమట కారితే ఆ మోచేత్తోనే తుడుచుకుంటాడు. పైగా ఆ టిష్యూలో కోవిడ్ ఒక్కటే ఉంటుందని ఎవరు చెప్పారు? క్షయ, పచ్చకామెర్లు, విరేచనాలు మహమ్మారి ముగిసేదాకా ఆగవు. సర్జికల్ మాస్కు పైపొర మీద ఏడో రోజున కూడా కొంత వైరస్ దొరికిందని ఇంకో పరీక్షలో తేలింది.

ఇక మూడు రోజులు ఉంచడం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు వాడిన మాస్కులను కాగితం సంచిలో 72 గంటలు ఉంచి, కత్తిరించి, పొడి చెత్తలో వేయమని కాలుష్య నియంత్రణ మండలి చెప్పింది. దానికి మీకయ్యే ఖర్చు ఒక పాత కాగితం సంచి, బాల్కనీలో ఒక మూల. కత్తిరించమన్నది ఎందుకో కూడా చెబుతాను, చాలామందికి తెలియదు. బాగున్న మాస్కును ఏరి, ఉతికి, మళ్లీ అమ్మకుండా. తాళ్లు కూడా తెంపండి, పిట్టల కాళ్లకు చుట్టుకుంటాయి.

అక్కా, నాన్నకి షుగరు. కోవిడ్ తర్వాత ఇన్సులిన్ రోజుకు మూడుసార్లు అయింది. సూదులు పేరుకుపోతున్నాయి. అమ్మ వాటిని పాత న్యూస్‌పేపర్లో చుట్టి పడేస్తోంది. ఇదీ ఇన్ఫెక్షన్ చెత్తేనా?
– కాకినాడ నుంచి

అవును తల్లీ. నన్నడిగితే ఈ ఉత్తరాలన్నిట్లో ప్రమాదకరమైన చెత్త నీదే. దీని మీద కొంచెం ఎక్కువగా రాస్తాను, మన్నించు.

మా సర్కిల్లో ఒక కార్మికురాలు ఉండేది. పేరు రాయను. నలభై ఏళ్లుంటాయి, తోపుడు బండి లాగేది, తనకంటే ముందు మస్టరుకు వచ్చినవాళ్లను నేను చూడలేదు. ఒకరోజు కొబ్బరిబోండాల కింద చుట్టిన పేపరు చేత్తో తీసింది. సూది అరచేతిలో దిగింది. రక్తం వస్తే చీర కొంగుతో ఒత్తుకుని ఆ వీధి పూర్తిచేసి, పదకొండింటికి నా దగ్గరికి వచ్చి, "ఏదో గుచ్చుకుందమ్మా" అంది. నేను ఏమేమి చేయాలో అంతా తెలిసిన మనిషిని, అయినా కాళ్లు వణికాయి. సబ్బు పెట్టి కుళాయి కింద కడిగించి, ప్రభుత్వాస్పత్రికి తీసుకెళ్లాను. హెచ్ఐవీ రాకుండా మందు మొదలుపెట్టారు, 28 రోజులు మింగింది. కడుపులో తిప్పి అన్నం తినలేకపోయేది. రక్త పరీక్షలు ఆరు వారాలకు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి. ఆ ఆరు నెలలూ తన పిల్లలకు అన్నం కలిపి ముద్దలు పెట్టలేదట, చేత్తో కలిపితే అంటుతుందేమోనని. అలా అంటదని నేను ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. చివరికి ఏమీ లేదని తేలింది. ఆ సూది ఎవరి ఇంటిదో మాకెప్పటికీ తెలియలేదు. ఆ ఇంటివాళ్లూ మంచివాళ్లే అయ్యుంటారు, మీ అమ్మగారిలాగే జాగ్రత్తగా పేపర్లో చుట్టారు కదా.

పేపరు సూదిని దాస్తుంది గానీ ఆపదు. మందపాటి ప్లాస్టిక్ డబ్బా తీసుకో. ఫినాయిల్‌దో, డిటర్జెంట్ లిక్విడ్‌దో ఖాళీ అయినది, మరమూత ఉన్నది. మంచినీళ్ల సీసా వద్దు, పల్చగా ఉంటుంది, నొక్కితే సూది బయటికొస్తుంది. నాన్నగారి మంచం పక్కనే పెట్టి, పొడుచుకున్న వెంటనే అందులో వేయించు. సిరంజి సూదికి మళ్లీ మూత పెట్టబోతేనే ఎక్కువమంది వేళ్లు గుచ్చుకుంటారు, ఆ పని వద్దు. షుగరు చూసుకునే లాన్సెట్లు కూడా ఇందులోకే. ముప్పావు నిండగానే మూత బిగించి, టేపు చుట్టి, పైన మార్కర్‌తో "సూదులు – తెరవకండి" అని తెలుగులో రాయి. 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో వాడిన సూదులు, సిరంజిలు ఇంట్లోని ప్రమాదకర వ్యర్థాల కింద ఉన్నాయి, తడి పొడి చెత్తలతో కలపకూడదు. డబ్బాను విడిగా చేతికివ్వండి. మీరు చూపించుకునే ఆస్పత్రిలో తీసుకుంటారేమో కూడా అడగండి, కొందరు తీసుకుంటారు.

సూది గుచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, గాయాన్ని పిండకండి, నోట్లో పెట్టుకోకండి. సబ్బు నీళ్లతో కడిగి, ఆ పూటే ఆస్పత్రికి వెళ్లండి. హెచ్ఐవీ మందు గంటల్లో మొదలైతే మేలు, 72 గంటలు దాటితే ఇక ఇవ్వరు.

ఇంట్లోనే చేసుకునే కోవిడ్ టెస్టు కిట్ కొన్నాం. వాడాక ఎక్కడ పడేయాలి?
– నిజామాబాద్

గత నెలలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అనుమతించిన కిట్ గురించే అడుగుతున్నారనుకుంటాను. పెట్టెలోనే ఒక సంచి ఇస్తారు. ముక్కులో పెట్టిన పుల్ల, ద్రావణం గొట్టం, టెస్టు కార్డు అన్నీ అందులో వేసి మూసేయండి. ఫలితం ఫోటో ఆ కిట్ యాప్‌లో పెట్టాక కార్డు దాచుకోకండి. నెగటివ్ వచ్చినా సరే దాన్ని పేషెంటు సంచితోనే పంపండి. పెట్టె, కాగితం పొడి చెత్తే.

కోవిడ్ తగ్గింది. మందులు చాలా మిగిలాయి. పారేయాలా, ఎవరికైనా ఇవ్వాలా?
– రాజమండ్రి

వేరే పేషెంటుకు మీరుగా ఇవ్వకండి, ముఖ్యంగా స్టెరాయిడ్ బిళ్లలు. డాక్టరు రాయకుండా అవి వేసుకుంటే షుగరు ఎంతలా పెరుగుతుందో ఈ రెండు నెలల్లో మనమంతా చూశాం. టాయిలెట్లో పోయకండి, అవి కాలువలోకే పోతాయి. గడువు తీరిన మందులు కూడా సూదుల్లాగే ఇంటి ప్రమాదకర వ్యర్థాల లెక్కలోవే. ఒక కవర్లో వేసి, పైన రాసి, విడిగా ఇవ్వండి.

మేడమ్ గారూ, మా అమ్మ చెత్త ఆటో మీద పనిచేస్తుంది. నేను ఇంటర్ సెకండియర్. అమ్మ ఇంటికి రాగానే తమ్ముడు పరిగెత్తుకెళ్లి పట్టుకుంటాడు, నాకు భయంగా ఉంటుంది. భయపడుతున్నందుకు సిగ్గుగానూ ఉంటుంది. అమ్మకు ఏం చెప్పాలి?
– ఒక అమ్మాయి, వరంగల్

బంగారు తల్లీ, నీ ఉత్తరం చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. నువ్వు భయపడుతున్నది అమ్మకు కాదు, అమ్మ పట్టుకొచ్చే సంచులకు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

అమ్మ వచ్చే వేళకు గుమ్మం బయటే ఒక బకెట్ నీళ్లు, సబ్బు, ఉతికిన చీర లేదా నైటీ సిద్ధంగా పెట్టు. చెప్పులు బయటే. ముందు గ్లౌజులు, లోపలి వైపు బయటికి వచ్చేలా తిప్పి తీయమను, ఆ తర్వాత చేతులు కడుక్కుని మాస్కు, మళ్లీ చేతులు. డ్యూటీ బట్టలు దులపకుండా సర్ఫ్ నీళ్లలో ముంచేయాలి. స్నానం అయ్యాక తమ్ముడిని ఎంతసేపైనా ఎత్తుకోనివ్వు. వాడికి కూడా "అమ్మ స్నానం చేశాకే" అని ఒక ఆటలాగా నేర్పు, కసరకు.

గ్లౌజుల విషయంలో పల్చటి డాక్టరు గ్లౌజులు ఇస్తే సరిపోవని అమ్మను మేస్త్రీకి చెప్పమను. చెత్త పనికి మోచేతి దాకా వచ్చే మందపాటి రబ్బరువి కావాలి. చిరిగిన జత చూపిస్తే కొత్త జత ఇవ్వాల్సిందే. సంచిని చంకకు గానీ కాలికి గానీ ఆనించకుండా, మూతి దగ్గర పట్టుకుని ఎత్తాలి. సూదులు చేతులకే కాదు, పిక్కలకు, తొడలకు కూడా గుచ్చుకుంటాయి.

కోవిడ్ టీకా పారిశుద్ధ్య కార్మికులకు ఫిబ్రవరి 2 నుంచే మొదలైంది. అమ్మకు రెండు డోసులూ అయ్యాయో లేదో కార్డు చూడు. కోవిషీల్డ్ అయితే 2021 మేలో రెండో డోసుకు 12 నుంచి 16 వారాల గడువు పెట్టారు, తేదీ లెక్కవేసి నువ్వే గుర్తుచెయ్యి. ఇంకో టీకా ఉంది, ఎవరూ పట్టించుకోరు. హెపటైటిస్ బి. సూది ద్వారా హెచ్ఐవీ కంటే అది చాలా తేలిగ్గా అంటుతుంది, కానీ దానికి టీకా ఉంది. మూడు డోసులు. మొదటిది వేయించిన నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. మా సర్కిల్లో ఆ కార్మికురాలికి సూది గుచ్చుకున్నాకే నేను అందరికీ వేయించమని పట్టుబట్టాను, అంతకుముందు నాకూ తట్టలేదు. అమ్మను ధనుర్వాతం ఇంజెక్షన్ కూడా అడగమను.

ఆ మూడు తేదీలు ఒక కాగితం మీద రాసి తలుపు వెనకాల అంటించు. మొదటి డోసుకు అమ్మతో నువ్వు కూడా వెళ్లు. వేయించాక నాకు ఉత్తరం రాయి.